చలి తెల్లవారుజామున ట్రాక్టరు కదలాలంటే...

ఆదిలాబాద్: పుష్యమాసం. తెల్లవారుజాము 5 గంటలు. పత్తి మార్కెట్ యార్డు ముందు రాత్రి నుంచి బారులు తీరిన ట్రాక్టర్లు. ట్రాలీల నిండా పత్తి, పత్తి మీద మంచుకు తడిసిన టార్పాలిన్లు, పక్కనే గొంగడి ముసుగు తన్ని పడుకున్న రైతులు. గేటు తెరుస్తున్నారని కబురు రాగానే వరసలో కదలిక మొదలవుతుంది. కొన్ని ఇంజిన్లు ఒక్క సెల్ఫ్‌తో లేస్తాయి. కొన్ని రెండుసార్లు మూలిగి ఊరుకుంటాయి. వెనకున్నవారు హారన్ కొడతారు. "కాకా, పక్కకన్నా జరుపు" అని కేక వేస్తారు. కదలని బండిని జరపడం ఎట్లాగో వారికీ తెలియదు. ఆ తొందరలో ఎవరో ఒకరు నాలుగు పత్తి కట్టెలు, చారెడు ఎండుగడ్డి తెచ్చి ఇంజిను కింద అగ్గి పెడతారు.

మంటకు పది అడుగుల వెనక ట్రాలీలో ఉన్నది ఏడాది కష్టం. అదీ పత్తి. ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు.

ఈ జిల్లా చలి సంగతి బయటివారికి చెప్పినా నమ్మరు. మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసే నేలలోనే డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత 5 డిగ్రీల దరిదాపుకు, కొన్నేళ్లు అంతకన్నా కిందకు దిగుతుంది. 2016లో జిల్లా నాలుగు ముక్కలైనా చలి మాత్రం ఉమ్మడిగానే ఉంది. కొమురం భీం జిల్లాకు వెళ్లిన సిర్పూర్ (యు), గిన్నెధరి పేర్లు ప్రతి చలికాలం పత్రికల్లో కనిపిస్తూనే ఉంటాయి. పత్తి అమ్మకాలు, శనగకు మందు కొట్టడం, కేస్లాపూర్ నాగోబా జాతరకు ప్రయాణాలు, అన్నీ ఈ రోజుల్లోనే. ట్రాక్టరు తెల్లవారకముందే లేవాల్సిన కాలమూ ఇదే, లేవనని మొరాయించే కాలమూ ఇదే.

గాలి వేడెక్కితేనే మంట

పెట్రోలు ఇంజినులో మంట పుట్టించడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజినులో అది లేదు. సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టన్ పదహారో వంతుకో, పద్దెనిమిదో వంతుకో నొక్కేస్తుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కడం అందరూ చూసిందే. ఇదీ అంతే, కాకపోతే ఈ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఆ గాలిలోకి నాజిల్ పిచికారీ చేసిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది. జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన ఇంజిను కిటుకు ఇదే. ఈనాటి 20 గుర్రాల చిన్న ట్రాక్టరులోనూ ఉన్నది అదే.

చలి దెబ్బ తీసేది ఈ వేడినే. రాత్రంతా మంచులో నిలబడిన ఇంజిను గోడలు, నొక్కిన గాలి నుంచి వేడిని లాగేసుకుంటాయి. ఇంజిను చురుగ్గా తిరిగితే ఆ వేడి పోయేలోపే డీజిల్ అంటుకుంటుంది. మెల్లగా తిరిగితే వేడి గోడలకు పోతుంది, గాలి రింగుల సందుల్లోంచి జారిపోతుంది. అరిగిన ఇంజిన్లు ముందుగా మొండికేసేది ఇందుకే. చలికి ఆయిల్ చిక్కబడి ఇంజిను తిరగడమే బరువవుతుంది. దానికి తోడు బ్యాటరీ కూడా నీరసిస్తుంది. నీరు గడ్డకట్టే చలిలో మంచి బ్యాటరీ సైతం తన బలంలో మూడో వంతు దాకా కోల్పోతుంది. అంటే ఎక్కువ బలం కావాల్సిన వేళకే తక్కువ బలం దొరుకుతుందన్నమాట.

సెల్ఫ్ కొట్టినప్పుడు సైలెన్సర్ వంక చూస్తే జబ్బు సగం తెలిసిపోతుంది. తెల్లటి పొగ వస్తోందంటే డీజిల్ లోపలికి వెళుతోంది, వేడి చాలక అంటుకోవడం లేదు. పొగే లేదంటే డీజిలే అందడం లేదు. పైపుల్లో ఎయిర్ పట్టడమో, ఫిల్టరు మూసుకుపోవడమో అయి ఉంటుంది. రెండో రకం జబ్బుకు ఎంత సెగ పెట్టినా ఫలితం ఉండదు. ఈ తేడా చూడకుండా గంటసేపు సెల్ఫ్ కొట్టి, ఉన్న బ్యాటరీని కూడా చంపుకున్నవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

బండిలోనే ఉన్న హీటరు

ఇంజినుకు సెగ కావాలన్నది కొత్త మాట కాదు. 1921లో జర్మనీలో వచ్చిన లాంజ్ బుల్‌డాగ్ ట్రాక్టరుకు ముందు భాగాన ఇనుప గుబ్బ ఒకటి ఉండేది. దాని కింద బ్లో ల్యాంపు పెట్టి బాగా కాల్చాకే ఇంజిను తిప్పేవారు. ఇంగ్లండులో తయారైన ఫీల్డ్ మార్షల్ ట్రాక్టరుదైతే ఇంకా విచిత్రం. సురేకారం పట్టించిన కాగితపు చుట్టను అంటించి సిలిండర్ హెడ్‌లో బిగించేవారు. చేత్తో తిప్పే ఓపిక లేకపోతే తుపాకీ తూటా లాంటి దాన్ని పేల్చి ఇంజినును లేపేవారు. ఆ మంటలన్నీ తయారుచేసినవారు చెప్పిన చోట, చెప్పినంత మేరకు పెట్టినవే. ఆయిల్ చాంబర్ కింద గడ్డి మంట పెట్టమని ఏ కంపెనీ పుస్తకంలోనూ లేదు.

ఇప్పటి ట్రాక్టర్లలో చాలావాటికి ఆ ఏర్పాటు లోపలే ఉంటుంది. జపాన్ నమూనాలో వచ్చే చిన్న ట్రాక్టర్లకు సిలిండరుకొకటి చొప్పున హీటర్ ప్లగ్గులు ఉంటాయి. తాళం చెవిని హీటర్ గుర్తు వైపు తిప్పి పట్టుకుంటే బ్యాటరీ కరెంటుతో వాటి కొసలు ఎర్రగా కాలి, డీజిల్ పడేచోటే వేడి పుట్టిస్తాయి. ఇంకొన్ని ట్రాక్టర్లకు, ముఖ్యంగా పాత మోడళ్లకు, ఇంజినులోకి గాలి వెళ్లే దారిలో ఒకే హీటరు ఉంటుంది. కాలిన తీగచుట్ట మీద డీజిల్ బొట్లు పడి చిన్న మంట లేచి, లోపలికి పోయే గాలిని వేడి చేస్తుంది. ఇనుప గొట్టం లోపల, గాలి దారిలో ఆ మంట ఉంటుంది కనుక అందులో భయపడాల్సింది లేదు.

చిక్కల్లా ఒక్కటే. చాలా బండ్లలో ఈ హీటరు చచ్చిపోయి ఏళ్లవుతుంది. పది నెలలు దానితో పని లేదు. ఎండాకాలంలో మొదటి సెల్ఫ్‌కే ఇంజిను లేస్తుంది కాబట్టి అది పనిచేస్తోందో లేదో చూసే అవసరం రాదు. తీగ తెగినా, ఫ్యూజు పోయినా తెలియదు. గాలి దారి హీటరుకు డీజిల్ తెచ్చే సన్నని గొట్టం ఎప్పుడో కారితే, కారుతోంది కదా అని మెకానిక్ దాన్ని మూసేసి ఉంటాడు. ఆ సంగతి యజమానికీ గుర్తుండదు. చలి వచ్చాక మూడు సిలిండర్లలో ఒక ప్లగ్గు పోయిన బండి రెండు కాళ్ల మీద కుంటుతున్నట్టు లేచి, తెల్ల పొగ కక్కి, రెండు నిమిషాలకు సర్దుకుంటుంది. చలి బండి అంతే అని రైతు సరిపెట్టుకుంటాడు. మూడూ పోయిన రోజున అగ్గిపెట్టె కోసం జేబు తడుముకుంటాడు.

పరీక్ష పెద్ద పనేమీ కాదు. గాలి దారి హీటరైతే, తాళం చెవిని హీటర్ మీద పట్టి కాసేపు ఉంచాక అది బిగించిన చోట గొట్టాన్ని జాగ్రత్తగా తాకితే వెచ్చదనం తెలియాలి. హీటర్ ప్లగ్గులను మెకానిక్ బల్బు వైరుతోనో, మీటరుతోనో నిమిషాల్లో చూసి ఏది పోయిందో చెప్పగలడు. పోయినదాన్ని మార్చే ఖర్చు, యార్డులో ఒక్కపూట బాడుగ పోగొట్టుకున్న నష్టంతో పోలిస్తే లెక్కలోకి రాదు. దీపావళి దాటగానే ఈ పని చేయించుకుంటే మంచిది. జనవరిలో మెకానిక్ దొరకడు.

వాడే పద్ధతి కూడా తెలిసుండాలి. హీటర్ ప్లగ్గులకు సుమారు 10 సెకన్లు, గాలి దారి హీటరుకు 15 నుంచి 20 సెకన్లు సరిపోతాయి. బండితో వచ్చిన పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే పాటించాలి. ఎక్కువసేపు పట్టుకుంటే ఎక్కువ మంచిదనుకోవడం పొరపాటు. ప్లగ్గులు మాడిపోతాయి, బ్యాటరీ దిగిపోతుంది. హీటరు కాలాక క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. క్లచ్ తొక్కితే గేర్ బాక్సులోని చిక్కని ఆయిల్‌ను తిప్పే బరువు ఇంజినుకు తప్పుతుంది. సెల్ఫ్ ఒక్కో దఫా 10 సెకన్లకు మించకూడదు. లేవకపోతే ఒక నిమిషం ఆగి, మళ్లీ హీటరు పట్టి, మళ్లీ కొట్టాలి. ఆ నిమిషం ఆగడమే మనవాళ్లకు కష్టం.

హీటరే లేని ట్రాక్టర్లూ ఉన్నాయి. నాజిల్ నుంచి డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడే ఇంజిన్లకు మన చలిలో దాని అవసరం పెద్దగా లేదు. 5 డిగ్రీల్లో అలాంటి బండి లేవలేదంటే ముందుగా చూడాల్సింది బ్యాటరీని.

నేరం చలిది, లోపం బ్యాటరీది

జిల్లాలో చలి ఖాతాలో పడే మొరాయింపుల్లో చాలావాటికి అసలు కారణం బ్యాటరీ, దాని తీగలు. కొసల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న ఉప్పు కరెంటును సగంలోనే ఆపేస్తుంది. తీగలు విప్పి, వేడినీళ్లలో కాస్త వంటసోడా కలిపి కడిగి, ఆరాక గట్టిగా బిగించి వాజలిన్ పూయాలి. కడిగే నీళ్లు బ్యాటరీ గదుల్లోకి పోకుండా మూతలు బిగించే ఉంచాలి. ఇంజిను నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్తు పట్టీని ఎవరూ పట్టించుకోరు. అది వదులైనా సెల్ఫ్ మూలుగుతుంది. రాత్రంతా ఆగిన బ్యాటరీకి మీటరు పెడితే 12.6 వోల్టుల దరిదాపు చూపాలి. 12.2 చూపితే సగమే ఉన్నట్టు. రాత్రి యార్డులో టేపు రికార్డరు, లైట్లు వేసుకుని కూర్చుంటే తెల్లారేసరికి ఆ సగమూ ఉండదు.

ఆయిల్ సంగతీ అంతే. డబ్బా మీద 15డబ్ల్యు-40, 20డబ్ల్యు-40 అని ఉంటుంది. ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో ఆ ఆయిల్ అంత పల్చగా ఉంటుంది. రెండూ వాడవచ్చని పుస్తకంలో ఉంటే చలికాలానికి 15 రకం మేలు. వట్టి 40 నంబరు ఆయిల్ పోసిన బండి తెల్లవారుజామున బెల్లం పాకంలో తిరిగినట్టే తిరుగుతుంది.

డీజిల్ కూడా చలికి మారుతుందని చాలామందికి తెలియదు. అందులో మైనం ఉంటుంది. చలి ముదిరితే అది పొరలు కట్టి ఫిల్టరును మూసేస్తుంది. అందుకే మన దేశ ప్రమాణాల్లో చలికాలపు డీజిల్‌కు, ఎండాకాలపు డీజిల్‌కు వేర్వేరు హద్దులు పెట్టారు. చలికాలపు డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టరు దాటాలి. ఎండాకాలపు డీజిల్‌కు ఆ హద్దు 18 డిగ్రీలే. వేసవిలో డ్రమ్ముల్లో నిల్వచేసిన డీజిల్‌ను పుష్యమాసంలో పోసుకుంటే చిక్కు వచ్చేది ఇక్కడే. లద్దాఖ్‌లో ఈ బాధ మరీ ఎక్కువ కావడంతో సున్నాకు 33 డిగ్రీల కిందా పారే ప్రత్యేక డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో అక్కడ ప్రవేశపెట్టింది. మనకు అంత అవసరం లేదు. చలికాలంలో ఎప్పటికప్పుడు బంకు నుంచి తెచ్చుకుంటే చాలు. డీజిల్‌లో కిరోసిన్ కలిపితే పల్చబడి బండి లేస్తుందని చెప్పేవారున్నారు. డీజిల్ పంపుకు జిడ్డు డీజిల్ నుంచే అందాలి. కిరోసిన్ కలిపితే ఆ జిడ్డు తగ్గి పంపు అరుగుతుంది.

చలి దేశాల హీటర్లు మనకు కావాలా?

కెనడా, ఉత్తర అమెరికా మైదానాల్లో రాత్రి చలి సున్నాకు 30 డిగ్రీల కిందికి పోతుంది. అక్కడ లోపలి హీటరు ఒక్కటే చాలదు. ఇంజిను నీళ్లను, ఇనుమును బయటి కరెంటుతో వెచ్చబెట్టే హీటర్లు వాడతారు. అమెరికాలోని నార్త్ డకోటాకు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ అలాంటి ఒక హీటరుకు 1949లో పేటెంటు పొందారు. ఆ చలి ఊళ్లలో బండ్లు నిలిపే చోట కరెంటు ప్లగ్గులు ఉండడం మామూలే. సాయంత్రం తీగ తగిలించి, తెల్లవారుజామున రెండు గంటల ముందు కరెంటు వచ్చేట్టు టైమరు పెట్టుకుంటారు.

లెక్క వేసి చూస్తే ఖర్చు తక్కువే. చిన్న ట్రాక్టరు ఇంజినులో 150 కిలోల ఇనుము, 8 లీటర్ల నీళ్లు ఉన్నాయనుకుంటే, 500 వాట్ల హీటరు రెండు గంటల్లో దాన్ని ఇరవై డిగ్రీలకు పైగా వెచ్చబెట్టగలదు. అయ్యేది ఒక యూనిట్ కరెంటు. కొట్టంలో కట్టేసినట్టు రోజూ ఇంటివద్దే ఉండే బండికి, అదీ కంపెనీ తయారీ హీటరు దొరికితే పెట్టుకోవచ్చు. యార్డులో రాత్రి గడిపే బండికి మాత్రం అది ఎందుకూ కొరగాదు. గాలితో చల్లబడే పాత ఐషర్ లాంటి వాటికైతే వెచ్చబెట్టడానికి ఇంజినులో నీళ్లే ఉండవు.

ఇక్కడొక గట్టి హెచ్చరిక అవసరం. స్నానం నీళ్లు కాచుకునే కడ్డీ హీటరును రేడియేటరులో దించే ప్రయత్నం ఎవరూ చేయరాదు. ట్రాక్టరు నిలబడింది రబ్బరు టైర్ల మీద. కడ్డీ పైపూత ఎక్కడైనా చిట్లి బండికి కరెంటు పారితే ఆ కరెంటు భూమిలోకి పోయే దారి లేక బండిలోనే ఉంటుంది. తడి నేల మీద నిలబడి బానెట్ మీద చెయ్యి వేసిన మనిషే దానికి దారి అవుతాడు.

ప్రాణం మీదికి తెచ్చే తొందర

మంట మాటకు మళ్లీ వస్తే, ఆయిల్ చాంబర్ చుట్టూ ఉండేవి కారిన ఆయిల్ మడ్డి, డీజిల్ గొట్టాలు, వైర్లు. వీటిలో ఏది అంటుకున్నా ఆర్పడానికి చేతిలో ఉండేది చెంబెడు నీళ్లు. నూనె మంటకు నీళ్లు పనికిరావు. మట్టి చల్లాలి. పత్తి ట్రాలీ తగిలించి ఉన్నప్పుడు, వరసలో ముందూ వెనకా పత్తి ట్రాలీలే ఉన్నప్పుడు, ఆ అగ్గి ఒక్కరి నష్టంతో ఆగదు.

ఈథర్ స్ప్రే సంగతి వేరే. గాలి దారిలో పిచికారీ చేస్తే ఇంజిను అదిరిపడి లేస్తుంది. ఈథర్ చాలా తక్కువ వేడికే అంటుకుంటుంది. కాలిన హీటరు మీద అది పడితే గొట్టంలోనే పేలుతుంది. పిస్టన్లు, రింగులు పగులుతాయి, మొహం కాలవచ్చు. హీటరు ఉన్న ఇంజినుకు ఈథర్ కొట్టకూడదన్నది కచ్చితమైన నియమం.

వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం స్క్రూడ్రైవరుది. తాళం చెవితో సెల్ఫ్ పట్టనప్పుడు పెద్ద చక్రం ముందు నేల మీద నిలబడి, సెల్ఫ్ మోటారు బోల్టులు రెండింటికీ స్క్రూడ్రైవరు ఆనించి నేరుగా కరెంటు కలుపుతారు. తాళం చెవితో కొడితే, గేరులో ఉన్న బండిని లేవనివ్వకుండా ఆపే స్విచ్ చాలా ట్రాక్టర్లకు ఉంటుంది. స్క్రూడ్రైవరు ఆ స్విచ్‌ను దాటేస్తుంది. బండి గేరులో ఉండి ఇంజిను అందుకుందా, అది నేరుగా ముందుకు ఉరుకుతుంది. ఆ ముందు ఉన్నది మనిషే. పక్కకు తప్పుకునే వ్యవధి దొరకదు. నడిపేవాడు సీట్లో ఉండి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కి కొట్టేదే సెల్ఫ్. వాలులో నిలిపి, రాయి తీసి దొర్లించి లేపే అలవాటు కూడా ఇలాంటిదే. రాయి తీసేది ఇంట్లో పిల్లలే అయినప్పుడు మరీ ఘోరం.

రాత్రి చేసే పని

తెల్లవారుజామున పడే పాట్లలో సగం రాత్రే తప్పించుకోవచ్చు. బండిని కొట్టంలోనో, కనీసం గాలికి వీపు పెట్టి గోడ చాటునో నిలపాలి. ఇంజిను చల్లారేలోపు, సైలెన్సరుకు తగలకుండా చూసుకుని, బానెట్ మీద మందపాటి గోనె సంచులో, పాత బొంతో కప్పితే వెచ్చదనం చాలాసేపు నిలుస్తుంది. సెల్ఫ్ కొట్టే ముందు దాన్ని తీయడం మరవకూడదు. వెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను గాలి గొట్టం మీద ఐదు నిమిషాలు చుట్టినా ఉపయోగం ఉంటుంది. మరిగే నీళ్లు మాత్రం చల్లని ఇంజినులో పోయరాదు. చల్లని ఇనుము ఒక్కసారిగా వేడికి తగిలితే హెడ్ పగలవచ్చు. వీలైతే బ్యాటరీని విప్పి రాత్రి ఇంట్లో పెట్టుకోవచ్చు. యార్డుల్లో దొంగల భయంతో కొందరు ఎప్పటి నుంచో చేస్తున్న పనే ఇది. బ్యాటరీకి చలి తగలకపోవడం అదనపు లాభం.

ఇంజిను లేవగానే యాక్సిలరేటరు గట్టిగా లాగకుండా నాలుగైదు నిమిషాలు మెల్లగా తిరగనివ్వాలి. చిక్కని ఆయిల్ పైదాకా ఎక్కి, ఆయిల్ లైటు ఆరిపోవాలి. తెల్ల పొగ పల్చబడి చప్పుడు నిలకడకు వచ్చిందంటే సిలిండర్లన్నీ అందుకున్నట్టే. అప్పుడు గేరు వేసి, వెనక మనుషులు తప్పుకున్నారో లేదో ఒకసారి చూసుకుని బయలుదేరవచ్చు.